కాలువ గట్టు మీద సప్లై కొట్టు: గిన్నెలకి నూటికి నూరు, మైకుకి పాస్ మార్కులే

ఐదొందల మంది లోపు భోజనాలకి గిన్నెలు, పొయ్యిలు, బల్లలు అద్దెకి కావాలంటే కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో ఈ కొట్టు తర్వాతే ఏదైనా. టెంటు బాగానే ఉంటుంది, వానాకాలం మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. జెనరేటర్ ఫరవాలేదు. మైకు సెట్టు ఇక్కడ తీసుకోకండి. కొట్టుకి పేరున్న బోర్డు ఎప్పుడో వెలిసిపోయింది, అందరూ కాలువ గట్టు మీద సప్లై కొట్టు అనే అంటారు.

పేరు బోర్డు పోయినా, తలుపు పక్కన నల్లబోర్డు మాత్రం రోజూ తుడిచి రాస్తారు. కుర్రాళ్లు లోడు ఎత్తడానికి రాసుకునే బోర్డు అది. ‘బుధ – రామాలయం వీధి – పెద్దకర్మ – 4 బంతులు – తెల్ల టెంటు’, ‘శుక్ర – చర్చి – కూడిక – కుర్చీలు 150’, ‘శని – ఓణీలు – 6 బంతులు – జెనరేటర్’. ఇంతే ఉంటుంది. పాలకేంద్రానికి వెళ్లేవాళ్లు, పేపరు కుర్రాడు, ఆటోవాళ్లు పొద్దున్నే ఓ చూపు చూసి గాని కదలరు. పేపరు జిల్లా పేజీలో రేపు రాబోయే వార్త ఇక్కడ నిన్నే ఉంటుంది. పంచాయతీ నోటీసు బోర్డుకి ఇంతమంది పాఠకులు ఉంటే గ్రామసభలకి జనం రాలేదన్న బెంగ ఉండదు. నిశ్చితార్థం లాంటిది అప్పుడే ఊళ్లో తెలియకూడదనుకుంటే అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ‘బోర్డు మీద వద్దండి’ అని చెప్పండి. వీధి పేరొక్కటే రాసి వదిలేస్తారు.

ఇక్కడి పద్ధతిలో మొదట నచ్చేది, వాళ్లు అడిగే ప్రశ్న. ‘ఎంతమందండి?’ అనరు. ‘బంతికెంతమందండి, ఎన్ని బంతులండి?’ అంటారు. సరుకు లెక్కంతా దాని మీదే నడుస్తుంది. నాలుగొందల మంది భోజనాలనుకోండి. బంతికి ఎనభై మంది చొప్పున ఐదు బంతులు. ఒక్కో బంతి కూర్చుని లేవడానికి పాతిక నిమిషాలు, ఆకులు తీసి బల్ల తుడిచి మళ్లీ వేయడానికి పది. అంటే పన్నెండుకి మొదలుపెడితే మూడింటికి ముగుస్తుంది. కుర్చీలు నాలుగొందలు అక్కర్లేదు. తినేవాళ్లకి ఎనభై, వంతు కోసం చూసేవాళ్లకీ తిని కబుర్లాడేవాళ్లకీ మరో నూట ఇరవై, మొత్తం రెండొందలు చాలు. మనిషికి రెండడుగుల జాగా లెక్కన ఆరడుగుల బల్లకి ముగ్గురు, కాబట్టి బల్లలు ఇరవై ఏడు. వరసకీ వరసకీ మధ్య వడ్డించేవాళ్లకి నాలుగడుగులు వదలాలి. అంతకంటే తగ్గితే సాంబారు బక్కెట్టు ఎవరో ఒకరి భుజానికి తగులుతుంది. మనం నాలుగొందలు రాయమన్నా రెండొందలే రాసి చూపించే కొట్లు తక్కువ, ఇది అందులో ఒకటి.

ఇక గిన్నెలు. ఈ కొట్టు పేరు నిలబెట్టింది ఇవే. డేగిసాలు, గంగాళాలు, గుండిగలు, బూరెల మూకుళ్లు, గంజి వార్చే జల్లెడ బుట్టలు, కోల గరిటెలు అన్నీ ఒక వరసలో బోర్లించి ఉంటాయి. ప్రతి గిన్నె అంచు కింద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన నంబరు, దాని పక్కనే ఎన్ని కిలోల బియ్యం వండొచ్చో ఎర్ర పెయింటుతో అంకె. ఆ అంకెని నమ్మొచ్చు. చాలా చోట్ల గిన్నె నిండా నీళ్లు పోస్తే పట్టే లీటర్లు చెప్పి అద్దెకిస్తారు, ఎసరు మరిగి పొంగడానికి పైన జానెడు ఖాళీ కావాలన్నది లెక్కలో ఉండదు. ఇక్కడ 12 అని రాసి ఉంటే పన్నెండు కిలోలు గంజి వార్చి వండగలిగే గిన్నె అనే అర్థం.

బియ్యం నూరు మందికి పది కిలోలు సరిపోతాయని పుస్తకం లెక్క. డెల్టాలో పన్నెండు పెట్టుకోవడం మంచిది, బిర్యానీ కూడా ఉంటే ఎనిమిదికి దించొచ్చు. పాతిక కిలోల డేగిసా ఒకటి తీసుకుంటే పని తేలిక అనుకుంటారు గాని, అది చెయ్యి తిరిగిన వంటవాళ్లకే. అంత ఎత్తున బియ్యం పడితే అడుగు మాడుతుంది, మధ్యలో పలుకు మిగులుతుంది, పైన మెత్తబడుతుంది, వార్చడానికి నలుగురు మనుషులు కావాలి. దాని బదులు పన్నెండువి రెండు తీసుకుని అరగంట తేడాతో ఎక్కిస్తే ప్రతి బంతికీ వేడన్నం పడుతుంది. మిగతావాటికి నూరు మందికి సాంబారు ఇరవై లీటర్లు, పప్పుకి కందిపప్పు మూడు కిలోలు, పాయసం పది లీటర్లు, పెరుగు పది లీటర్లు లెక్కేసుకుని గిన్నెలు అడగండి. తాగే నీళ్లకి ఇరవై లీటర్ల టిన్నులు చలికాలం ఐదారు, మే నెలలో ఎనిమిది.

ఏ వంటకి ఏ గిన్నె అన్నది కూడా చూసుకోవాలి. అన్నానికీ పప్పుకీ మందం అడుగున్న అల్యూమినియం బాగుంటుంది. పల్చటి స్టీలు గిన్నెలో అన్నం అడుగంటుతుంది. పులిహోర పులుసు, దప్పళం, మజ్జిగ పులుసు అల్యూమినియంలో గంటల తరబడి ఉంచకూడదు, లోహం రుచి దిగుతుంది, గిన్నెకి గుంటలు పడతాయి. ఇత్తడిలో చేస్తే రుచే వేరు, కాకపోతే కళాయి పూత ఉండి తీరాలి. పూత పోయిన ఇత్తడిలో పులుపు నిలవుంటే చిలుము పడుతుంది, ఆ పులుసు తిన్నవాళ్లకి వాంతులు పట్టుకుంటాయి. తీసుకునేటప్పుడు లోపల వేలితో కాదు, నిమ్మచెక్కతో రుద్ది చూడండి. తెల్లగా వెండిలా ఉంటే సరే. పసుపు మెరిసిందంటే అక్కడ పూత లేదు. మూలలు, అడుగు అంచు, గరిటె తగిలే చోటు ముందు పోతాయి.

ఈ కొట్టులో మాఘం పెళ్లిళ్ల ముందు ఇత్తడి మొత్తానికి కళాయి వేయిస్తారు. గిన్నెని కాల్చి, నవాసారం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి, అది కరిగీ కరగగానే దూదితో లోపలంతా పులిమేస్తారు. పొగ ఘాటుకి గట్టు మీద నడిచేవాళ్లు ముక్కు మూసుకోవాల్సిందే. ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు ఊళ్లలోకి రావడమే తగ్గిపోయింది, అందుకే చాలా కొట్లు ఇత్తడి అమ్మేసి స్టీలుకి మారాయి. వీళ్లు మార్చలేదు. వైశాఖం చివరికొచ్చేసరికి మాత్రం పూత పల్చబడుతుంది, నిమ్మచెక్క పరీక్ష అప్పుడు ఇంకా అవసరం.

పొయ్యిల దగ్గర డెల్టా నేల ఇబ్బంది ఒకటుంది. గాడిపొయ్యి అంటే అడుగున్నర లోతు, గిన్నె అడుగు కంటే జానెడు తక్కువ వెడల్పు, గాలి వచ్చే వైపు నోరు. ఎండాకాలం హాయిగా తవ్వుకోవచ్చు. కాలువలు నిండా పారి వానలు పడే రోజుల్లో తవ్వితే ఊట వచ్చేస్తుంది, పొద్దున్నకి పొయ్యి కాస్తా గుంట. అప్పుడు ఇనుప స్టాండ్లు గాని, నేల మీద ఇటికెల పొయ్యి గాని వేయాలి. కొట్టులో స్టాండ్లు చాలినన్ని ఉన్నాయి, ఇటికెలు మీరే చూసుకోవాలి. కర్ర సరుగుడు తెచ్చుకోండి, నిలకడగా మండుతుంది. కొబ్బరి డొక్కలు రాజెయ్యడానికి వాడుకోండి గాని వాటి మీద వంటంతా కానిద్దామంటే పొగతో వంటవాళ్లు లేచిపోతారు.

వంటల చోటు ఆగ్నేయమే అని పట్టుపట్టేవాళ్లకి ఒక మాట. చలికాలం గాలి ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆగ్నేయం చక్కగా కుదురుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దక్షిణం గాలి లేస్తుంది, ఆగ్నేయంలో మంటేస్తే పొగంతా పందిట్లోకే. వాస్తు తప్పలేకపోతే గ్యాసుకి మారండి. బర్నర్లు కొట్టులో ఇస్తారు, సిలిండర్లు మీవి. 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి, ఇంటి సిలిండరు తగిలిస్తామంటే వీళ్లు బర్నరు ఇవ్వరు, అది వాళ్ల మంచితనమే. పెద్ద బర్నరు పూర్తి మంట మీద గంటకి కిలో దాకా తాగుతుంది. పైపు బిగించాక సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడటం కుర్రాళ్లకి అలవాటే, ఒకవేళ మర్చిపోతే మీరు గుర్తు చేయండి.

టెంటు విషయం. గుడ్డ మంచిదే, చిరుగులకి వెంటనే అతుకు వేస్తారు. తేడా వచ్చేది కట్టడంలో. పక్క గుంజలు ఏడడుగులు, మధ్య గుంజలు తొమ్మిది పైన ఉంటేనే వాన నీరు జారుతుంది. పెళ్లివారికి లోపల జాలరు సమంగా కనపడాలని మధ్య గుంజలు తగ్గించేస్తారు, అదే పెద్ద తప్పు. గుడ్డ మీద చదరపు గజం మేర పది సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిచాయంటే ఎనభై కిలోల పైన బరువు వేలాడుతున్నట్టు. దాన్ని కర్రతో కిందనుంచి పొడిచి పారబోయాలని చూస్తే ఆ బరువంతా ఒక పక్కకి జారి గుంజని లాగేస్తుంది. వాన పడే సూచన ఉంటే గుడ్డ షామియానా వద్దని, పైన టార్పాలిన్ వేసి రెండు వైపులా వాలు పెట్టమని గట్టిగా చెప్పండి.

మేకు రెండడుగుల పైన నేలలోకి దిగాలి, తాడు లాగే వైపుకి ఎదురుగా వాలి ఉండాలి. తడిసిన నల్లమట్టిలో ఎంత లోతు దిగ్గొట్టినా సాయంత్రానికి వదులవుతుంది. ఇసుక పర్రల్లో అసలు నిలవదు. అక్కడ కుర్రాళ్లు కొబ్బరి చెట్లకి కట్టేస్తారు, అది గట్టిదే, కాకపోతే ముందు రోజే కాయల దింపు తీయించకపోతే పందిరి మీద బొండాలు పడతాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. వాన వెలిశాక తాళ్లన్నీ మళ్లీ బిగించాలి, దానికి ఒక మనిషిని అక్కడే ఉంచమని మాట తీసుకోండి. ఈ కొట్టువాళ్లు టెంటు వేసేసి పక్క ఊరి పనికి వెళ్లిపోతారు, ఫోను చేస్తే గంటకి వస్తారు. మా అసంతృప్తి అంతా ఆ గంట మీదే.

కుర్చీల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండకి తెల్లపొడి రాలుతున్న ప్లాస్టిక్ కుర్చీ పెళుసు బారినట్టు, పక్కన పెట్టించండి. పెద్దవాళ్లకి చేతులున్న ఇనుప కుర్చీలు ఓ పది విడిగా అడగండి.

జెనరేటర్ 15 కేవీఏది. మామూలు ఊరి ఫంక్షన్‌కి ఎక్కువే. ఫోకస్ లైట్లు ఆరు, ట్యూబులు ఇరవై, నిలువు ఫ్యాన్లు ఎనిమిది, మైకు, గ్రైండరు కలిపినా నాలుగు కిలోవాట్లకి అటూ ఇటూ. అదే లోడు ఇంటి మీటరు మీద వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. గ్రైండరు తిరగడం మొదలుపెట్టే క్షణంలో కరెంటు మామూలు కంటే కొన్ని రెట్లు లాగుతుంది, లైట్లు మసకబారేది అందుకే. డీజిలు గంటకి రెండు మూడు లీటర్లు, ఖర్చు మీదే. ముఖ్యమైన సంగతి: జెనరేటర్ లైనుని ఇంటి వైరింగుకి కలిపేస్తామంటే చేంజోవర్ స్విచ్చి ఉందా అని అడగండి. అది లేకుండా కలిపితే కరెంటు వీధి లైను మీదకి ఎక్కుతుంది, కరెంటు పోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదకొస్తుంది. ఈ కొట్టు సెట్టుకి ఆ స్విచ్చి ఉంది, తగిలించడానికి బద్ధకం.

మైకు సంగతి మొదటే చెప్పేశాం. బాకాలు పాతవి, మాట కంటే గరగర ఎక్కువ. స్పీకరు డబ్బాలు మైకు పట్టుకున్న మనిషి వెనక పెడతారు, ‘కూ’ మని అరుపు రాకేం చేస్తుంది? డబ్బాలు ముందుకి జరిపి జనం వైపు తిప్పితే సగం రోగం కుదురుతుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్ స్పీకర్లు నిషేధమని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, అనుమతి పోలీసు స్టేషన్‌లో ముందే తీసుకోవాలి. కాగితం తెచ్చిచ్చే పూచీ కొట్టుది కాదు. పార్టీ మీటింగులకైతే మైకూ కుర్చీలూ ఏవైనా సరే, పూర్తి డబ్బు ముందే పెట్టించుకుంటారు. పార్టీ ఏదన్నది లెక్క లేదు.

చావింటి సరుకు దగ్గర ఈ కొట్టుని తప్పకుండా మెచ్చుకోవాలి. తెల్ల టెంటు ఒకటి, కుర్చీలు యాభై, ట్యూబులు రెండు, నీళ్ల డ్రమ్ము, ఫ్రీజర్ బాక్సు ఎప్పుడూ ట్రాలీలో ఎక్కించే ఉంటాయి. కబురు అందితే అడ్వాన్సు మాటే ఎత్తకుండా పంపేస్తారు, బిల్లు పెద్దకర్మ సరుకుతో కలిపి రాస్తారు. రంగుల జాలర్ల టెంటు పొరపాటున కూడా రాదు. పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చేదాకా ఉంచాల్సిన ఇళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి కాబట్టి బాక్సు గురించి తెలుసుకోవడం మంచిది. దానికి పవర్ ప్లగ్ కావాలి. పాత పెంకుటిళ్లలో అలాంటిది ఒక్కటే ఉంటుంది, అదీ నీళ్ల మోటారు దగ్గర. అక్కడినుంచి మందపాటి వైరుతో లాక్కోవాలి గాని ట్యూబులైటు ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే వైరు కరుగుతుంది. బాక్సు ముందు ఆన్ చేసి చల్లబడ్డాకే వాడాలి. పైపు ఉన్న వైపు కాస్త వాలుగా పెట్టి కింద బక్కెట్టు ఉంచకపోతే కారిన నీరు గదంతా పారుతుంది. మూత మాటిమాటికీ తెరిస్తే చల్లదనం నిలవదు, అద్దం మీద ఆవిరి పడితే బయటనుంచి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

జులై, ఆగస్టుల్లో లంక ఊళ్లవాళ్లు బుక్ చేసే ముందు గోదారి సంగతి చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి, పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక వేస్తారు, 13.75కి రెండోది. మొదటిది పడిందంటే కనకాయలంక లాంటి కాజ్‌వేల దారి నమ్మకం లేదు, ఈ కొట్టువాళ్లు పడవ మీద సరుకు ఎక్కించరు. నీళ్లు తీసేదాకా ఇరుక్కున్న సరుకుకి రోజువారీ అద్దె పడదని ముందే రాయించుకోండి, అడిగితే ఒప్పుకుంటారు. పునరావాస కేంద్రాల్లో వంటలు మొదలైతే పెద్ద డేగిసాలన్నీ అటే వెళ్తాయి, అప్పుడు మీ ఫంక్షన్‌కి చిన్నవే మిగులుతాయి. దానికి ఎవరూ గొడవ పడరు.

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠాల్లో మంచి ముహూర్తానికి నెల ముందే అడ్వాన్సు ఇవ్వాలి. సుబ్రహ్మణ్య షష్ఠి, కనుమ నాటి ప్రభల తీర్థం చుట్టూ మూడు నాలుగు రోజులు టెంట్లు దొరకవు. ఆషాఢం, ధనుర్మాసం, మూఢాల్లో ఏం అడిగినా ఉంటుంది, రేటూ దిగుతుంది. రేట్లు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే, మాఘం రేటు ఆషాఢంలో చూపిస్తే వాళ్లే నవ్వుతారు.

రోజు లెక్క ముందు రోజు సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున్న పది దాకా. పది దాటితే గిన్నెలకీ టెంటుకీ ఇంకో రోజు పడుతుంది, కుర్చీలకి పట్టించుకోరు. మోత కూలి వేరే. సందుల్లోకి టాటా ఏస్ వస్తుంది, అంతకంటే ఇరుకైతే చేతి మోతే. అన్నం గిన్నెలు నీళ్లు పోసి నానబెట్టి ఇవ్వాలి, మాడు అంటుకుని వెళ్తే తోమే కూలి రాస్తారు. పొయ్యి మీదకి ఎక్కించే ముందు వెలుపల బూడిద, మట్టి కలిపి పూస్తే మసి పట్టదు, ఆ కూలి మిగులుతుంది.

తిరిగిచ్చేటప్పుడు ఎక్కువగా తగ్గేవి చిన్న గరిటెలు, స్టీలు గ్లాసులు. ఎవరూ పట్టుకుపోరు, ఎంగిలాకులతో పాటు చుట్టుకుని పెంటకి పోతాయి. ఆకులు పడేసే తొట్టె దగ్గర ఒక మనిషిని కూర్చోబెడితే సగం మిగులుతాయి. లెక్క కొట్టులోనే, కుర్రాడి ముందు, నంబర్లతో సహా చూపించి బిల్లు పుస్తకంలో తిరుగు సరుకు గడిలో సంతకం చేయించుకోండి. అది లేకపోతే సీజను చివర్లో వాళ్లు లెక్క చూసుకునేటప్పుడు ఎవరి గరిటెలు తగ్గినా మీ పద్దులోకే ఎక్కే అవకాశం ఉంది.